నాన్న కోసేసిన నలభై సెకన్లు

శ్రీకాకుళం జిల్లాకి ఎందుకు వెళ్తున్నావని అడిగినవాళ్ళకి జీడిపప్పు కొనడానికని చెప్పాను. జీడిపప్పు కోసం నంద్యాల నుంచి రాష్ట్రం ఆ చివరికి వెళ్తారా అని స్టాఫ్‌రూమ్‌లో నవ్వారు. అసలు సంగతి చెప్తే ఇంకా నవ్వుతారని ఊరుకున్నాను. యాభై ఒక్కేళ్ళ లెక్కల టీచరు, చర్చి సంఘపెద్ద కూతురు, ఒక పాటలో పోయిన నలభై సెకన్ల ముక్క కోసం వెళ్తోందంటే ఎవరు నమ్ముతారు?

ముప్పై ఏళ్ళ కింద విశాఖపట్నంలో బీఈడీ చదివేటప్పుడు, క్రైస్తవ మహాసభల మైదానం బయట బైబిళ్ళూ గోడ క్యాలెండర్లూ అమ్మే బల్ల మీద ఒక క్యాసెట్ కనిపించింది. అట్ట మీద భుజాల దాకా జుట్టు పెంచిన ముగ్గురు కుర్రాళ్ళు, వెనక కొబ్బరిచెట్లు. బృందం పేరు ‘ఏడో చుట్టు’, ఊరు టెక్కలి. యెరికో కోట చుట్టూ జనం నోరెత్తకుండా తిరిగి తిరిగి, చివరిరోజు ఏడో చుట్టులో ఒక్కసారిగా కేకలు వేస్తే గోడలు కూలాయని బైబిల్లో ఉంది కదా, ఆ చుట్టన్నమాట. భక్తిగీతాలనుకుని పాతిక రూపాయలు పెట్టి కొన్నాను. హాస్టల్‌కి వచ్చి వేస్తే రోడ్డురోలరు ప్రార్థన చేస్తున్నట్టు ఉంది. దాన్ని హెవీ మెటల్ అంటారని అప్పటికి నాకు తెలీదు.

తెలియకపోయినా ఆ రాత్రే దానికి అంకితమైపోయాను. సంఘపెద్ద కూతురు గట్టిగా నవ్వకూడదు, గట్టిగా నడవకూడదు, క్వయర్‌లో కూడా పక్కవాళ్ళ గొంతు మించి పాడకూడదు. ఎవరో ఎక్కడో టెక్కలిలో నా బదులు గొంతు చించుకుంటున్నారనిపించి ఏడుపొచ్చింది. అందులో ‘గోడలు’ అనే పాట నాకు ప్రాణం. ఆరు చుట్ల దాకా ‘అరవకు, ఇంకా అరవకు’ అని గొణుగుతూ సాగి, ఏడో చుట్టులో ‘ఇప్పుడు నోరు తెరు’ అని ఒక గర్జన.

క్రిస్మస్ సెలవులకి క్యాసెట్ ఇంటికి తెచ్చాను. నాన్న ‘దెయ్యాల గోల’ అన్నారు. ఏ దెయ్యమో తెలుసుకోవడానికి కాబోలు, నేను లేనప్పుడు పెట్టుకుని విన్నారు. సరిగ్గా ‘గోడలు’ పాట మధ్యలో టేప్‌రికార్డర్ టేపుని నమిలేసింది. నలిగిన రెండు మీటర్ల ముక్కని కత్తిరించి, మిగతాది సెల్లోటేపుతో అతికించి, ఏమీ ఎరగనట్టు డబ్బాలో పెట్టేశారు. నిలదీస్తే, “మీవాళ్ళ పాట కొంచెం పొట్టి చేసినా. ఇప్పుడే వినేదానికి బాగుంది” అన్నారు. రెండోవైపు ఏ పాటకి గండి పడిందో నేను పట్టించుకోలేదు. నా దుఃఖమంతా ‘గోడలు’ గురించే.

అట్ట మీద పాట నిడివి ఆరు నిమిషాల పది సెకన్లని ఉంది. నా దగ్గర మిగిలింది ఐదున్నర నిమిషాలు. హాస్టల్‌లో వార్డెన్‌కి భయపడి సన్నగా పెట్టుకుని వినేదాన్ని కాబట్టి, అక్కడేదో ఉందని తప్ప చెవికి అందలేదు. తీసివేత నాకు కొత్త కాదు గానీ, ఆ నలభై సెకన్లలో ఏముందో ఏ లెక్కకీ అందలేదు. ఆరో చుట్టు అవుతూనే నా టేపులో ఠప్పున గర్జన వచ్చేస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఖాళీలో నేనే సొంతంగా ఒక గిటారు వాయించుకుంటున్నాను, నోటితో, బాత్రూములో.

ఈ ఏడాది ఇల్లు మారుతుంటే క్యాసెట్ మళ్ళీ బయటపడింది. ఫోన్‌లో ఎంత వెతికినా అలాంటి బృందం ఒకటి ఉండేదన్న ఆనవాలే లేదు. మా దగ్గరే ఉంటున్న నాన్నకి ఇప్పుడు ఎనభై రెండు. “ఎన్నేండ్లు సాధిస్తావే నన్ను? పోయి ఆ ముక్క తెచ్చుకో పో” అని తన పాత టేప్‌రికార్డర్ కూడా ఇచ్చి పంపారు.

పలాస: జీడిపప్పు ఊళ్ళో వేరుశనగ మనిషి

మా నంద్యాల వైపు జీడిపప్పు పాయసంలో లెక్కపెట్టి వేస్తారు. చుట్టాలొస్తే ఒకరికి మూడు, మరీ దగ్గరివాళ్ళకి రెండు. పలాసలో టీ కొట్టు ముసలావిడ, టీతో పాటు గుప్పెడు జీడిపప్పు ముక్కలు కాగితంలో పోసి నా చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే, “ముక్కలకేటి డబ్బులమ్మా” అని కసిరింది. మా ఊళ్ళో అరటిపండు తొక్క కూడా ఊరికే ఇవ్వరు.

ఇక్కడ పప్పుకి పేర్లున్నాయి. విరగనిది గుండు, రెండుగా చీలింది బద్ద. గుండు కిలో ఎనిమిది వందల యాభై చెప్పారు, బద్ద వంద తక్కువ. స్టాఫ్‌రూమ్‌కి చెప్పిన అబద్ధం నిజం చేయాలి కాబట్టి రెండు కిలోల బద్ద కొన్నాను. ఆ కొట్లో, పక్క కొట్లో, ఆటోస్టాండులో ‘ఏడో చుట్టు’ గురించి అడిగాను. “సుట్టా? ఏ సుట్టలమ్మా? పొగాకు సుట్టలైతే ఆ సందులో అమ్ముతారు” అన్నాడొక పెద్దాయన, ఎంతో మర్యాదగా.

సరే, లాడ్జిలో పాటైనా విందామని టేప్‌రికార్డర్ పెడితే మోటారు తిరుగుతోంది, క్యాసెట్ తిరగడం లేదు. మూత తీసి చూస్తే లోపలి బెల్టు ముదురుపాకంలా చక్రానికి అంటుకుపోయి ఉంది. లాడ్జి మేనేజరు తొంగి చూసి నిట్టూర్చాడు. “టెక్కలిలో సౌండు సిస్టం సాల్మన్ రాజు ఉన్నాడండి. ఆడు బాగు సెయ్యకపోతే ఇంకెవులూ సెయ్యనేరు” అన్నాడు. మర్నాడు ఎలాగూ వెళ్ళేది టెక్కలికే.

టెక్కలి: సైకిల్ ట్యూబు మహిమ

సాల్మన్ రాజు కొట్టు నిండా పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే స్పీకర్లు, చుట్టలు చుట్టిన వైర్లు. ఆయన బట్టతల మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. టేప్‌రికార్డర్ తిప్పి తిప్పి చూసి, సైకిల్ ట్యూబులోంచి సన్నటి ఉంగరం కత్తిరించి బెల్టు బదులు తొడిగాడు. “ఏదైనా కేసెట్టుంటే ఇవ్వండమ్మా, సూద్దాం” అన్నాడు. ఇచ్చాను.

అట్ట చూశాడు. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ చూశాడు. తర్వాత స్టూలు మీద కూలబడి, అట్ట మీద మధ్యలో నిలబడ్డ కుర్రాడి మీద వేలుపెట్టాడు.

“ఈ జుత్తు నాదేనమ్మా” అన్నాడు తన నున్నటి తల తడుముకుంటూ.

నేను నవ్వాలో దండం పెట్టాలో తెలియక రెండూ చేశాను. ‘ఏడో చుట్టు’ గిటారిస్టు నా ముందు కూర్చుని ఉన్నాడు, నా టేప్‌రికార్డర్‌కి ఎనభై రూపాయలు చెప్పి మరీ.

వాళ్ళు వేయించినవి మొత్తం మూడు వందల క్యాసెట్లట. అమ్ముడుపోనివీ, మూలప్రతీ ఆయన ఇంట్లోనే ఉండేవి. పెద్ద తుఫానొచ్చి పైకప్పుతో పాటు బీరువానీ లాక్కెళ్ళింది. డ్రమ్ములు వాయించినతను అండమాన్‌లో స్థిరపడ్డాడు. అతని దగ్గరా లేదు. “మా పాట మేం ఇని ఎన్నేళ్ళయిందో” అన్నాడు సాల్మన్ రాజు.

‘గోడలు’ పెట్టాం. సైకిల్ ట్యూబు వల్ల పాట ఒక అర శ్రుతి తగ్గి, జలుబు చేసినట్టు వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎడమచేతి వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. ఆరో చుట్టు అయింది. ఆయన ‘ఆగు’ అన్నట్టు చెయ్యెత్తాడు. అంతలోనే గర్జన వచ్చిపడింది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

“మద్దిలో ముక్కేదమ్మా?”

“మా నాన్న కోసేశారు.”

కథంతా చెప్పాను. ఆయన నవ్వీ నవ్వీ దగ్గాడు. నవ్వు ఆగాక నేను అసలు ప్రశ్న అడిగాను. “అక్కడ ఏముండేదండీ? గిటారేనా?”

“గిటారా?” అని తల అడ్డంగా ఊపాడు. “అది నేనాయించింది కాదమ్మా. సెప్తే తెల్దు, ఇనాల. మీ కాడ పాటుంది, ఆ ముక్క నేదు. నా బుర్రలో ఆ ముక్కే ఉండిపోనాది, పాట పోనాది. ఆ ముక్కకి కారణం పాట పాడిన మా దుర్యోధన బావ. రేపు తీసుకెల్తాను, ఆడి నోటితోటే సెప్పించుకోండి.”

ఆయన భార్య భోజనం చేయందే కదలనివ్వలేదు. పచ్చి జీడిపప్పు వేసిన పప్పు, నెత్తళ్ళ వేపుడు. మా ఇళ్ళలో మంచినీళ్ళిస్తూ ‘ఫ్రిజ్‌వా, మామూలువా’ అని అడుగుతాం. ఇక్కడ గ్లాసు చేతికిస్తూ, “కేను నీళ్ళేనమ్మా, బయపడకండి” అంటారు. ఉద్దానం నీటి గురించి, అక్కడి కిడ్నీ జబ్బుల గురించి పేపర్లో చదివిందే గానీ, అది ఇంటి మర్యాదలోకి కూడా వచ్చేసిందని అప్పుడు తెలిసింది.

ఉద్దానం: దుర్యోధనుడి అరుగు మీద

సాల్మన్ రాజు సామాను వ్యానులో బయల్దేరాం. నౌపడ దగ్గర ఉప్పుమడుల్లో తెల్లటి కుప్పలు ఎండకి కళ్ళు పొడిచాయి. అది దాటి ఉద్దానంలోకి దిగితే దారికి అటూ ఇటూ జీడితోటలు, మధ్యమధ్య కొబ్బరి. రాలిన జీడిపళ్ళ పులుపువాసనకి ఆకలీ తలనొప్పీ ఒకేసారి వచ్చాయి. ఒక పండు కొరికి చూశాను. నాలుక పీక్కుపోయి అరగంట సేపు సరిగ్గా మాట్లాడలేకపోయాను. నా విద్యార్థులు చూస్తే పండగ చేసుకునేవాళ్ళు.

దుర్యోధన గారిది సముద్రం ఒడ్డున ఊరు. మా వైపు ఆ పేరు కుక్కకి కూడా పెట్టరు, ఇక్కడ వీధికొకరున్నారు. క్యాసెట్ మీద మాత్రం ‘గానం: యోధ’ అనే ఉంది. నేనేదో ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న పొట్టి మనిషి తలెత్తి చూశాడు.

“ఏటి బావా, వేట లేని రోజుల్లో వొచ్చినావు? సేపలెక్కడియి?” అన్నాడు. ఆ మామూలు పలకరింపుకే పక్కింటి కోళ్ళు చెదిరాయి. ఈ గొంతే, సందేహం లేదు.

చేపల వేట నిషేధం కాలం కావడంతో పడవలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. ఎండుచేపల పులుసు, వేడన్నం పెట్టారు. మా సంగటిలోకి ఈ పులుసుంటే ఎలా ఉండేదోనని ఆలోచిస్తూ మూడుసార్లు పెట్టించుకున్నాను. తింటూనే అడిగాను, ఇంట్లో గంగమ్మ పటం పెట్టుకుని మొక్కే ఆయన యేసుప్రభువు పాటల్లోకి ఎలా వచ్చాడని.

“నాను రానేదమ్మా, ఈ బావే లాక్కెల్లిపోనాడు. ఇక్కడ ఒడ్డున నిలబడి కెరటాల అవతల పడవోళ్ళని కేకేత్తన్నాను. బావ ఇన్నాడు. అలగ అరవాలంటే గొంతుతోటి కాదమ్మా, బొడ్డుకాడి నుంచి రావాల. మా యమ్మ ఒకటే మాట సెప్పింది. ఎవుల పాటైనా పాడు, ముందు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టీసి ఎల్లు అంది. అలగే సేసీవోడిని.”

“మరి ఆ నలభై సెకన్లు?”

దుర్యోధన గారు సాల్మన్ రాజు వైపు దొంగచూపు చూశాడు. సాల్మన్ రాజు మొదలుపెట్టాడు. పాటలు రికార్డు చేసింది పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో. ఆయన మేనమామ అక్కడ మేస్త్రీ, రేకుల షెడ్డు, జనరేటరు ఉన్నాయి. ఓ మూల వీళ్ళు వాయిస్తుంటే, మిగతా షెడ్డంతా ఆడవాళ్ళు కూర్చుని కాల్చిన జీడిపిక్కల్ని రాతి మీద పెట్టి కర్రతో కొట్టి పప్పు తీసేవారు. ‘గోడలు’లో ఆరో చుట్టు తర్వాత నాలుగంటే నాలుగు లెక్కలు పూర్తి నిశ్శబ్దం ఉండాలని సాల్మన్ రాజు పట్టుబట్టాడు. నాలుగు లెక్కల సేపు చేతులు ఆపమని ఆడవాళ్ళని బతిమాలాడు. వాళ్ళకి కూలి కిలోల లెక్కన. మీ దేవుడికి నిశ్శబ్దం కావాలంటే ఆదివారం రమ్మను, మాకు కిలోలు కావాలన్నారు.

“సివరి టేపు” అన్నాడు సాల్మన్ రాజు. “ఇంకోటి కొనడానికి నేదు. పోనీ ఆ సప్పుడుతోటే కానిద్దామన్నాను. ఆరో సుట్టయ్యింది, అందరం ఆపేసినాం. నాలుగు లెక్కెట్టి ఈడి వైపు సూసినాను. ఈడు పాడడు!”

“ఎలగ పాడతాను బావా? నోట్లో జీడిపప్పుంది” అన్నాడు దుర్యోధన గారు.

పక్కన కొడుతున్న ఒక అమ్మాయి అప్పుడే తీసిన వేడి పప్పు ఆయన చేతిలో పెట్టిందట. పాటకి ఇంకా టైముందనుకుని నోట్లో వేసుకున్నాడు. ఉమ్మేద్దామంటే గుండు పప్పు, మనసొప్పలేదు. మింగుదామంటే నాలుక కాలుతోంది. నలభై సెకన్లు నిదానంగా నమిలి, మింగి, అప్పుడు గర్జించాడు.

నేను నవ్వుతూ పులుసన్నం పొలమారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు నేను ధ్యానం చేసిన ఖాళీలో ఒక మనిషి జీడిపప్పు నమిలాడు. అయినా నవ్వు తగ్గాక వెలితి వెలితిగానే ఉంది. తెలిసింది, నిజమే. వినలేదు కదా.

ఆ మాట పైకే అన్నాను. సాల్మన్ రాజు దుర్యోధన గారి వైపు తిరిగి, “బావా, రేపు నీకేటి పని?” అన్నాడు.

మళ్ళీ పలాస: ఆపకండి

ఇప్పుడు ఎక్కువచోట్ల పిక్కల్ని ఆవిరిపట్టి మిషన్లతో కోస్తున్నారు. కాల్చిన పప్పు రుచే వేరనే వాళ్ళ కోసం ఇంకా కర్రతో కొట్టే షెడ్డు ఒకటి మిగిలి ఉంది. లోపల పన్నెండు మంది ఆడవాళ్ళు, ముందు రాళ్ళు, చేతులకి జీడిరసం అంటకుండా బూడిద. మేస్త్రీ పని చేస్తున్న జయమ్మగారిని చూడగానే దుర్యోధన గారు తల దించుకున్నాడు.

“పప్పెట్టింది నానే” అంది ఆవిడ నాతో. “పాడి పాడి నోరెండిపోతన్నాది కదా పాపం అని ఎట్టినాను. ఆ రోజు మొదలు ఈ సాల్మన్ మావ నన్ను తిట్టని రోజు నేదు.”

సాల్మన్ రాజు తన స్పీకరు, నా టేప్‌రికార్డర్ కలిపాడు. ఉపాయం చిన్నదే. ఆరో చుట్టు అవగానే టేపు ఆపాలి. నలభై సెకన్లు వీళ్ళు కొడుతుంటే వినాలి. మళ్ళీ టేపు వేయాలి. వాచీ నా చేతిలో, ఫోన్ రికార్డింగ్‌లో. పాట మొదలైంది. రేకులు అదిరాయి. ‘అరవకు, ఇంకా అరవకు.’ ఆరో చుట్టు ముగిసింది. టేపు ఆగింది.

షెడ్డంతా నిశ్శబ్దం. చూద్దును కదా, పన్నెండు మందీ కర్రలు కింద పెట్టి, తలల మీద కొంగు కప్పుకుని, బూడిద చేతులు జోడించి కూర్చున్నారు. దూరం నుంచి టీచరమ్మ వచ్చింది, దేవుడి పాట వేస్తున్నారు, పని చేస్తే తప్పు కదా!

“అయ్యో, ఆపకండి! కొట్టండి, కొట్టండి!” అని సాల్మన్ రాజు గుండె బాదుకున్నాడు.

జయమ్మగారు పకపకా నవ్వింది. “సిత్రం సూసినారేటమ్మా! ఆ రోజు ఆపమని కాళ్ళు పట్టుకున్నాడు, ఆపనేదు. ఈ రోజు ఆపితే కొట్టమంటన్నాడు. ఒలే, కొట్టండే!”

పాట మళ్ళీ మొదటినుంచి వేశాం. ఈసారి ఎవరూ ఆపలేదు. ఆరో చుట్టు ముగిసి టేపు ఆగగానే వినపడింది. టక్. టక టక్. ఒకరి దెబ్బకి ఒకరి దెబ్బ కలవదు. ఒక్కో చేతిది ఒక్కో నడక. పప్పు లేని గుడ్డి గింజ పగిలితే ఒక చప్పుడు, గట్టి గింజకి రెండు దెబ్బలు. రేకుల మీద వాన మొదలయ్యేటప్పుడు ఉంటుందే, అలా. నోరెత్తకుండా నడిచే పెద్ద గుంపు కాళ్ళ చప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది. అరవకుండా ఉన్నవాళ్ళు ఊరికే ఉన్నట్టు కాదని, మా అమ్మ, నేను, క్వయర్‌లో వెనక వరుస ఆడవాళ్ళు, అందరం ఆ చప్పుడులో ఉన్నట్టు అనిపించింది. ఏడ్చాను. వాచీ చూడడం మర్చిపోయాను.

చూడక్కర్లేకపోయింది. జయమ్మగారు లేచి, వేడి పప్పొకటి దుర్యోధన గారి చేతిలో పెట్టింది. ఆయన బుద్ధిగా నోట్లో వేసుకుని, నమిలి, మింగి, సాల్మన్ రాజు టేపు మీట నొక్కేలోగానే పొట్ట బిగబట్టి గర్జించాడు. “ఇప్పుడు నోరు తెరు!” సగంలో గొంతు చీలి దగ్గొచ్చింది. పన్నెండు మందీ నవ్వారు, కొట్టడం మాత్రం ఆపలేదు. నేను కూడా నోరు తెరిచి, యాభై ఒక్కేళ్ళలో మొదటిసారి, నలుగురి మధ్య గొంతెత్తి అరిచాను. బాగానే వచ్చింది.

నంద్యాల

రెండు కిలోల బద్ద స్టాఫ్‌రూమ్‌లో ఒక్క పూటలో అయిపోయింది. క్యాసెట్‌ని సాల్మన్ రాజు దగ్గరే ఉంచేసి వచ్చాను. పాటలన్నీ ఫోన్‌లోకి ఎక్కించి పంపాడు, ‘గోడలు’లో షెడ్డు ముక్కని సరిగ్గా నలభై సెకన్లకి అమర్చి మరీ.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక నాన్నని కూర్చోబెట్టి మొత్తం వినిపించాను. ఆరు చుట్లూ ముఖం చిట్లించుకునే విన్నారు. టక్ టక్ మొదలవగానే మాత్రం ముందుకి వంగి, చెవికి చెయ్యి ఆనించుకున్నారు. గర్జన రాగానే చెయ్యెత్తి ఆపమన్నారు.

“యా శబ్దమే అది, మెత్తగా టకటకమని?”

“ఆడవాళ్ళు జీడిపిక్కలు కొడుతున్నారు నాన్నా. నువ్వు కోసేసింది అదే.”

ఆయన నా చెయ్యి పట్టుకుని, సంఘంలో ఎవరో చనిపోయిన కబురు చెప్పేటప్పటి గొంతుతో అన్నారు:

“తప్పు చేసినానే. పాటంతట్లో బాగుండేది అదొక్కటే కదే!”

మళ్ళీ వేయమన్నారు. వేశాను. అప్పట్నుంచి రోజూ వింటున్నారు, ఆ నలభై సెకన్లే.